పక్కింటావిడకు రాసిన జవాబు

జూన్ 3

తమ్ముడికి,

నువ్వు ఆదివారం ఫోన్ చేశావని మా వర్క్‌షాపు కార్పెంటర్ చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు, ఫోన్లో నీ మాట నాకు వినపడదని? ముప్పై ఏళ్లు కుర్చీలకి పిన్నులు కొట్టే స్టేపుల్ గన్ పక్కన పనిచేసిన చెవులివి. నువ్వు అటునుంచి ఏదో గొణుగుతావు, నేను ఇటునుంచి "ఆఁ, ఆఁ" అంటాను, చివరికి దేనికి ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఉత్తరం రాయి. చేతులు అరిగిపోవు.

ఒక సినిమా హాలు వాళ్లవి రెండు వందల కుర్చీలు పనికి వచ్చాయి. సీట్లన్నీ కుంగిపోయాయి, లోపల స్పంజి పిండిపిండిగా రాలుతోంది. కార్పెంటర్ ఫ్రేములు బిగిస్తుంటే నేను పాత గుడ్డ ఊడదీసి కొత్త రెగ్జిన్ వేస్తున్నాను. సీట్ల సందుల్లో ఏమేం దొరుకుతున్నాయనుకున్నావు! దువ్వెనలు, గుండీలు, ఒకదాంట్లో కట్టుడు పన్ను. సినిమా అంత బాగుందేమో మరి.

అసలు సంగతికొస్తాను. మా పక్కింటావిడకి ఒంట్లో బాగాలేదు. నా వయసే ఉంటుంది. కిందటేడు మడమ మీద నల్లమచ్చ ఉంటే కోసి తీశారు, కేన్సరన్నారు. ఇప్పుడు గజ్జల్లో బిళ్ల కట్టింది. మన ఒంట్లో శక్తే కేన్సర్‌తో పోట్లాడేట్టు చేసే మందు ఉందటగా, ఇమ్యూనోథెరపీ, అది నాలుగు నెలలు ఎక్కించారు. ఫలితం లేదు. ఇప్పుడు దాంతోపాటు ఏవో నానో రేణువుల్ని సూదితో నేరుగా బిళ్లలోకే ఎక్కిస్తామంటున్నారు. ఇంకా పరీక్షల్లో ఉన్న మందు. పద్దెనిమిది పేజీల కాగితాలు ఇచ్చి, ఇష్టమైతే సంతకం పెట్టమన్నారు.

నీ ఉద్యోగం అదే కదా. నీ పెళ్లిలో "మా తమ్ముడు కంటికి కనపడని సరుకు తయారుచేస్తాడు" అని అందరికీ చెప్పి నవ్వులపాలయ్యాను. ఇప్పుడైనా అక్కరకు రా. ఆవిడ సంతకం పెట్టొచ్చా? ఆవిడకి తీపి మాటలు అక్కర్లేదు. ఉన్నదున్నట్టు రాయి. నెలాఖరులోగా చెప్పాలట.

మరదలి మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కనివ్వకు.

అక్క

జూన్ 11

అక్కకి,

నీ ఉత్తరం చదివి మీ మరదలు కట్టుడు పన్ను దగ్గర ఆగిపోయి పావుగంట నవ్వింది. మోకాలు ఫరవాలేదు.

పక్కింటావిడ సంగతి. చెప్పడం మొదలుపెడితే నేను ఆగనని నీకు తెలుసు, ఓపికగా చదువు. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. కేన్సర్ వాటికి బ్రేకు వేసేస్తుంది. ఆవిడకి నాలుగు నెలలు ఇచ్చిన మందు ఆ బ్రేకు తీసే మందు. కానీ కొందరికి ఆ బిళ్ల దగ్గరికి కాపలా కణాలు అసలు రానే రావు. బండిలో ఎవరూ లేనప్పుడు బ్రేకు తీసి ఏం లాభం? ముందు వాటిని లేపి అక్కడికి పిలవాలి. లేపే మందులున్నాయి, కానీ నేరుగా రక్తంలోకి ఇస్తే ఒళ్లంతా అల్లకల్లోలం చేస్తాయి. అందుకని ఆ మందుని కొవ్వు బుడగలో చుట్టి, సరిగ్గా బిళ్లలోకే ఎక్కిస్తారు. ఆ బుడగలే నానో రేణువులు. ఒక వెంట్రుక మందంలో పక్కపక్కన వెయ్యి దాకా పడతాయి. మా గదిలో నేను రోజంతా చేసేది అదే: ఆల్కహాల్లో కరిగించిన కొవ్వు ఒక సన్నటి గొట్టంలోంచి, నీళ్లు ఇంకో గొట్టంలోంచి వచ్చి కలుసుకుంటాయి. సరైన వేగంలో కలిస్తే బుడగలు చిన్నగా, ఒకే సైజులో వస్తాయి. లేకపోతే పారబోయడమే.

ఉన్నదున్నట్టు అన్నావు కాబట్టి రాస్తున్నాను. మా ఎలుకల్లో పదింటికి ఆరింటిలో గడ్డ తగ్గింది. మనుషుల్లో ఎంతమందికి తగ్గుతుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఇలాంటి మొదటి పరీక్షలు మందు పనిచేస్తుందా అని చూడటానికంటే, ఎంత ఇస్తే మనిషి తట్టుకుంటాడో చూడటానికే. ఆవిడకి మేలు జరిగితే అదృష్టం. ఎక్కువ ఆశపెట్టకు. సంతకం పెట్టాలా వద్దా అన్నది నేను చెప్పకూడదు. నేనైతే పెడతాను, ఎందుకంటే వేరే దారి లేదు కదా.

అయినా మడమ మీద మచ్చ అంతవరకూ పెరుగుతుంటే చూసుకోకుండా ఎలా ఉంటారక్కా మనుషులు? రోజూ కాళ్లు కడుక్కోరూ? ఇలాంటివాళ్లంతా ఆలస్యంగా వచ్చి, ఆ తర్వాత సైన్సు ఏం చేసిందని అడుగుతారు.

సూది వేశాక జ్వరం వస్తే మాత్రం సంతోషించమను. సైన్యం నిద్రలేచిందన్నమాట!

నీ తమ్ముడు

జూన్ 20

తమ్ముడికి,

నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. బండీ బ్రేకూ బాగా అర్థమైంది, డాక్టరు చెప్పినదానికంటే. నిన్న సంతకం పెట్టేసింది.

కాళ్లు కడుక్కోరా అని అడిగావు. కడుక్కుంటుంది. కాళ్లు కడుక్కునేటప్పుడు మడమ వెనక్కి తిప్పి చూసుకునేవాళ్లు ఎంతమంది? నువ్వు చూసుకుంటావా? పని చేసుకు బతికేవాళ్ల అరికాళ్లకి రోజూ ఏదో ఒకటి గుచ్చుకుంటూనే ఉంటుంది, దేన్నని పట్టించుకుంటారు? చదువుకున్నవాడివి, మాట కాస్త చూసి రాయి.

ఎనభై కుర్చీలు అయ్యాయి. హాలు మేనేజరు వచ్చి కూర్చుని చూసి, మరీ మెత్తగా ఉంటే జనం నిద్రపోతారన్నాడు. నిద్రపోతే అది నా స్పంజి తప్పు కాదు, మీ సినిమా తప్పు అన్నాను. కార్పెంటర్ నవ్వు దాచుకోలేక బయటికెళ్లాడు.

ఒక్కటి అడగమంది ఆవిడ. ఆ రేణువులు నువ్వు చేసినవేనా? నీ చేతి మీదుగా వచ్చినవైతే ధైర్యంగా ఉంటుందట.

అక్క

జూన్ 28

అక్కకి,

కావు. మావి ఎలుకల వరకే. మనుషులకిచ్చేవి ఇంకోచోట, ఇంకా పెద్ద జాగ్రత్తల మధ్య చేస్తారు. నిజానికి ఈ వారం నా చేతి మీదుగా వచ్చినవాటిని చూస్తే ఆవిడ ధైర్యం కాస్తా పోయేది. పంపు వేగం తగ్గిపోయినట్టు నేను చూసుకోలేదు. బుడగలు ఉండాల్సిన సైజుకి రెండింతలకి పైగా వచ్చాయి. మూడు రోజుల పని సింకులో పోశాను.

అయినా మంచి కబురొకటి ఉంది. నన్ను ఆ గది మొత్తానికి పెద్దని చేశారు. మీ మరదలు నీకోసం ముందుగది సర్దేసింది. జూలైలో వచ్చి పది రోజులు ఉండు. మా సోఫా కూడా కుంగింది, దాన్ని చూసి నువ్వు తిట్టే తిట్లు వినాలని ఉంది. రాను అనకు. నువ్వు మా ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది.

నీ తమ్ముడు

జూలై 2

తమ్ముడికి,

గదికి పెద్దవయ్యావా! నాకు ఎంత సంతోషంగా ఉందో. కార్పెంటర్‌కి రెండుసార్లు చెప్పాను, రెండోసారి చెప్పానని గుర్తుచేశాడు కూడా.

రావడం మాత్రం ఇప్పుడు కుదరదు. కుర్చీలున్నాయి. పక్కింటావిడకి జూలై ఏడున మొదటి సూది, ఆ తర్వాత వారం వారం ఉంటాయి. తోడు వెళ్లాలి. ఆవిడకి నేను తప్ప ఎవరున్నారు?

అక్క

జూలై 7

అక్కకి,

సరే. తమ్ముడింటికి రావడానికి నీకు తీరిక లేదు, పక్కింటావిడ వెంట ఆస్పత్రికి తిరగడానికి మాత్రం వారం వారం ఉంది. నీ మరదలు సర్దిన గది మళ్లీ ఇస్త్రీ బట్టలకి ఇచ్చేశాం. నువ్వెప్పుడూ ఇంతే. ఊళ్లోవాళ్ల బరువులన్నీ నీవి, మేం మాత్రం పరాయివాళ్లం.

కోపంతో రాస్తున్నాను. చింపేసి మళ్లీ రాయాలి, కానీ రాయను.

నీ తమ్ముడు

జూలై 9

తమ్ముడికి,

నీ కోపం ఉత్తరం ఇంకా రాలేదు, కానీ వస్తుందని తెలుసు. అలగడంలో నిన్ను మించినవాడు లేడు.

ఇక్కడ మంచి జరిగింది. సూది వేశారు. ఎక్కించేటప్పుడు నొప్పి పెద్దగా లేదు, ఒత్తినట్టుంది, అంతే. నిన్న మధ్యాహ్నం వణుకు మొదలై, జ్వరం వచ్చింది! నూట రెండు. ఇవాళ పొద్దున నూట మూడు. రెండు దుప్పట్లు చాలలేదు, కుర్చీల కోసం తెచ్చిన ఫోమ్ షీటు కూడా కప్పుకోవలసి వచ్చింది. నువ్వు చెప్పినట్టే సైన్యం లేచింది. ఆస్పత్రివాళ్లు ఒక కార్డు ఇచ్చారు, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయమని. ఆవిడ దాన్ని సొరుగులో పెట్టేసింది. ఫోన్ చేస్తే ఏదో జ్వరం మాత్ర వేసి చల్లార్చేస్తారు. ఇన్ని నెలలకి లేచినవాళ్లని మళ్లీ పడుకోబెట్టడం ఎందుకు? వాళ్ల పని వాళ్లు చేసుకోనీ.

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమనుకోకు. పొద్దుటినుంచి మేకులు కొట్టి చెయ్యి నొప్పిగా ఉంది. కార్పెంటర్ పోస్టాఫీసు వైపు వెళ్తున్నాడు, ఇచ్చేస్తాను.

అక్క

జూలై 14

అక్కకి,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. ఆ పక్కింటావిడ దగ్గరికి వెంటనే ఎవర్నైనా పంపాలని కంగారుపడుతుంటే, మీ మరదలు ఉత్తరం తీసుకుని చదివి ఒక్కమాట అడిగింది: "వదినగారి పక్కింట్లో ఎవరుంటారండీ? అటు పెయింట్ల గోడౌను, ఇటు రోడ్డు కదా?"

నాలుగేళ్ల క్రితం మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ గోడౌను వాసన పడక నేను రెండు రోజులు తుమ్మాను. అంతా మర్చిపోయాను.

కార్పెంటర్‌కి ఫోన్ చేశాను. ఉత్తరం పోస్టు చేసి తిరిగొచ్చేసరికి నువ్వు ఫోమ్ షీట్ల మీద పడిపోయి ఉన్నావట, పిలిస్తే పలకలేదట. కుర్చీలు తోలే వ్యానులోనే వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడట. రక్తపోటు బాగా పడిపోయిందనీ, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేమన్నారనీ చెప్పాడు. నాకు కబురు పెట్టొద్దని నువ్వే అన్నావట. ఇప్పుడు కుదుటపడ్డావని చెప్పేదాకా నేను నిలబడే ఉన్నాను.

జ్వరం వస్తే సంతోషించమని రాసింది నేను. జ్వరం వెనక ఏముందో డాక్టర్లే చూడాలనీ, కార్డు మీద ఉన్న నంబరుకి అప్పుడే ఫోన్ చేయాలనీ, జ్వరం బిళ్ల వేసుకున్నంత మాత్రాన మందు పని ఆగిపోదనీ నాకు తెలుసు. తెలిసీ రాయలేదు. మొహం తెలియని మనిషి కదా అని సరదాగా ఒక వాక్యం పారేశాను. నా గదిలో బుడగలు కాస్త పెద్దవైతే సింకులో పోస్తాను. ఆ వాక్యాన్ని ఎక్కడ పోయను?

కాళ్లు కడుక్కోరా అని కూడా అడిగాను నిన్ను.

ఇవాళ మధ్యాహ్నం రైలుకి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం స్టేషన్లో వేస్తాను.

నీ తమ్ముడు

జూలై 22

తమ్ముడికి,

కార్పెంటర్ చేత ఫోన్ చేయించి నిన్ను ప్లాట్‌ఫారం మీంచి వెనక్కి పంపించినందుకు తిట్టుకుంటూ ఉంటావు. నువ్వొస్తే సంతకం వెనక్కి తీసుకుంటానని నేను నిజంగానే అన్నాను. పాపం ఆ మాట నీకు చెప్పడానికి కార్పెంటర్ ఎంత నీళ్లు నమిలాడో. ఈ మొహంతో నీకు కనపడటం ఇష్టం లేకపోయింది. ఇప్పుడు ఇంటికొచ్చాను. లేచి తిరుగుతున్నాను.

వార్డులో డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది. "ఎవరు చెప్పారమ్మా మీకు, జ్వరం దాచుకోమని?" అంది. పక్కింటావిడ అన్నాను. ఆవిడతో మాట్లాడటం మానేయమంది. సరేనన్నాను. నర్సు ఆ కార్డుని గోడకి అంటించమంది, అంటించాను. రెండో సూది వారం ఆగి, మందు తగ్గించి వేశారు. జ్వరం నూటొకటి రాగానే ఫోన్ చేయించాను. కంగారుపడకు.

అంతా నీ మీద వేసుకోకు. సగం నాది. నేను నేనుగా అడిగి ఉంటే నువ్వేం రాసేవాడివి? "ఏం కాదక్కా, మందులు చాలా వచ్చాయి, నేనున్నాను కదా" అని రాసేవాడివి. పదింటికి ఆరు అని రాసేవాడివి కాదు. ఎవరికీ తెలియదని రాసేవాడివి కాదు. కిందటేడు మచ్చ తీసినప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్లంతా నాతో అలాగే మాట్లాడారు, కార్పెంటర్‌తో సహా. నాకు ఊపిరాడలేదు. నిజం కావలసి వచ్చి ఒక మనిషిని పుట్టించాను. నువ్వు ఆవిడకి రాసిన ఉత్తరం నేను పద్నాలుగుసార్లు చదివాను. నాకు ఎవరూ అంత మర్యాద ఇవ్వలేదు.

మచ్చ గురించి నువ్వు రాసినదానికి మాత్రం మంటపుట్టింది. మేకు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందనుకున్నానురా. ఏడాది పాటు అలాగే అనుకున్నాను.

ఇక ఒకటే షరతు. నువ్వు నాకూ అలాగే రాయాలి. నేనూ అలాగే రాస్తాను. స్కాన్ ఆగస్టు పద్దెనిమిదిన.

అక్క

జూలై 30

అక్కకి,

నాలుగు కాగితాలు చింపాక ఇది ఐదోది. నీకు నిజం రాయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

నీకంటే ముందు ఈ మందు ఎంతమందికి ఇచ్చారో, వాళ్లకి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నాకు దారులున్నాయి, కానీ ఆ దారుల్లో వెళ్లకూడదు, వెళ్లలేదు. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను.

స్కాన్‌లో బిళ్ల పెద్దదిగా కనిపిస్తే వెంటనే నీరసపడకు. లోపలికి కాపలా కణాలు వచ్చి చేరినా అది ఉబ్బుతుంది. నిజంగానే పెరిగి కూడా ఉండొచ్చు. బొమ్మ చూసి రెండింటికీ తేడా చెప్పడం కష్టం. చిన్నదైతే మంచిదే, కానీ అంతటితో అయిపోయినట్టు కాదు. ఇది ధైర్యం చెప్పడమో భయపెట్టడమో నాకే తెలియడం లేదు. ఉన్నది ఇది.

నేను పనిలో మామూలుగానే ఉన్నాను అని రాశాను ముందు కాగితంలో. అది అబద్ధం. మొన్న ఎలుకలకి ఎక్కించబోయే సూదిని పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాను. పక్కన పనిచేసేవాళ్లు తీసుకుని వాళ్లే వేశారు. ఇన్నాళ్లూ పదింటికి ఆరు అంటే నాకు మంచి ఫలితం. ఇప్పుడు మిగతా నాలుగే కనిపిస్తున్నాయి.

నువ్వు రమ్మన్నప్పుడే వస్తాను. అడగకుండా రాను.

మీ మరదలు ఇస్త్రీ బట్టలు ఆ గదిలోంచి తీసేసింది.

నీ తమ్ముడు

ఆగస్టు 21

తమ్ముడికి,

స్కాన్ అయింది. కార్పెంటర్ వెంట వచ్చాడు, కానీ డాక్టరు గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లాను.

గజ్జల్లో బిళ్ల నాలుగు సెంటీమీటర్లు ఉండేది, రెండున్నర అయింది. డాక్టరు కొలిచి చూపించాడు. నాకు నవ్వొచ్చింది, నేను బల్లమీద గుడ్డ కొలిచినట్టే కొలిచాడు. ఆ తర్వాత ఇంకో బొమ్మ పెట్టాడు. ఎడమ ఊపిరితిత్తిలో బియ్యపుగింజంత చుక్క ఉంది. ఇదివరకు లేదు. కేన్సర్ అక్కడికి పాకి ఉండొచ్చు, లేదా నిద్రలేచిన కణాలే అక్కడ గుంపుగా చేరి ఉండొచ్చు, ఈ మందులతో అలా కూడా అవుతుందట. ఏదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఆరు వారాలు ఆగి మళ్లీ చూడాలి. సూదులు ఆపడం లేదు. తెలియదని మొహం మీద చెప్పిన డాక్టరుని ఇప్పుడే చూశాను, ఆయన మీద గౌరవం కలిగింది.

ఇంటికి రాకుండా నేరుగా వర్క్‌షాపుకి వెళ్లాను. ఇంకా ముప్పై కుర్చీలు మిగిలి ఉన్నాయి. ఒకటి బల్లమీద పెట్టుకుని రెగ్జిన్ లాగి మేకు కొట్టబోతే సుత్తి పక్కకి పడింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పక్కకే. చెయ్యి వణుకుతోంది. జ్వరమేమో అని థర్మామీటరు పెట్టుకుని చూశాను. లేదు. నీరసమేమో అని అన్నం తిన్నాను. తిన్నాక కూడా వణికింది. అది భయమని తెలియడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. ఈ వయసులో కొత్తగా ఒకటి తెలిసింది చూడు.

అమ్మ పోయినరోజు నువ్వు తొమ్మిదేళ్లవాడివి. నా కొంగు పట్టుకుని, నేను ఏడిస్తే ఏడవడానికి సిద్ధంగా నా మొహంలోకే చూస్తున్నావు. అందుకని ఏడవలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఏడుద్దామన్నా నువ్వు అలా చూస్తున్నట్టే ఉండేది. నువ్వు చదువుకి వెళ్లావు, ఉద్యోగానికి వెళ్లావు, పెళ్లి చేసుకున్నావు, గదికి పెద్దవి కూడా అయ్యావు. నేను మాత్రం ఏడుపు దాచుకోవడం మానలేకపోయాను. నిన్ను రావద్దన్నది మొహం బాగాలేక కాదు, ఇందుకు.

చుక్క ఏదైనా కానీ, ఈ ఆరు వారాలు ఒక్కదాన్ని గడపలేను. భయంగా ఉందిరా. నువ్వు రా. వచ్చి నాకేమీ చెప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు. నేను బహుశా ఏడుస్తాను. నువ్వు కంగారుపడి ఆపకు.

అక్క